పనిచేయు కిశోరులకు తోటివారే మార్గదర్శకులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ యనగానే మనకు వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, ఇంటి పన్ను జ్ఞప్తికి వచ్చును. ఇవి యన్నియు అవసరమైనవే. కాని మన కన్నుల యెదుటనే 14 మొదలు 18 సంవత్సరముల వయస్సుగల బాలబాలికలు పొలములలోను, ఇటుకల బట్టీలలోను, మరమ్మతు షెడ్లలోను, హోటళ్లలోను పని చేయుచున్నారు. వీరు ఓటర్లు కారు. కనుక మన వాకిటికి వచ్చి అడుగువారును కారు. ఈ దినమున వీరిని గురించి మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని.

ముందుగా నా తప్పిదమునే చెప్పుకొందును.

నేను వార్డు సభ్యుడనుగా నున్న కాలమున మా గ్రామములో పత్తిచేలకు పురుగుమందు కొట్టుటకు కుర్రవాండ్రను పిలుచుట వాడుక. పెద్దవారికంటె వారికి కూలి తక్కువ, చెప్పినట్లు విందురు. ఆ డొంక వెంబడి నేను ప్రతిదినము పోవుచుండువాడను. వీపున పంపు, కాళ్లకు చెప్పులు లేవు, ముక్కునకు గుడ్డయైనను లేదు. చూచితిని, ఊరకుంటిని. ఒకనాటి మధ్యాహ్నము ఎదురుగాలిలో మందు కొట్టుచున్న 16 ఏండ్ల బాలుడు చేనిలోనే పడిపోయెను. ట్రాక్టరుపై ఆసుపత్రికి చేర్చితిమి. ఏ మందు కొట్టినాడని డాక్టరుగారు అడిగిరి. మాలో నొక్కరికిని తెలియదు. డబ్బా చేనిగట్టుననే యుండిపోయెను. మనిషి తిరిగి పోయి దానిని తెచ్చుసరికి గంట గడచెను. ఆ బాలుడు బ్రదికెను. అది మా యదృష్టమే గాని మా ప్రయోజకత్వము కాదు.

ఆసుపత్రి వసారాలో అతని స్నేహితుడు, 17 ఏండ్లవాడు, నా ప్రక్కన నిలిచి యిట్లనెను: “రెండు రోజుల నుంచీ వాడికి తల తిరుగుతోంది బాబాయ్. చూపు మసకగా ఉందని నాతో చెప్పాడు.”

“మరి మాతో ఎందుకు చెప్పలేదురా?” అని యడిగితిని.

“చెబితే రేపటి నుంచి పనికి రావద్దంటారు. అయినా మేం చెబితే ఎవరు వింటారు బాబాయ్?” అని వాడు తల వంచుకొనెను.

ఆ సమాధానములో రెండు సంగతులున్నవి. ఆపద రాబోవుచున్నదని రెండు దినములు ముందుగా నెరిగినవాడు తోటి బాలుడే. తండ్రికి తెలియదు, ఆసామికి తెలియదు, పంచాయతీ సభ్యుడనైన నాకును తెలియదు. ఇది మొదటిది. తెలిసినను చెప్పుకొనుటకు వానికి చోటు లేకపోవుట రెండవది. నేటి నా ప్రసంగమంతయు ఈ రెండు సంగతులను గురించియే.

పెద్దవారికంటె కిశోరులకు పనిలో అపాయము ఎక్కువ. వారి శరీరము ఇంకను ఎదుగుచుండును. పెద్దవాడు తట్టుకొనగల విషము చిన్న శరీరమునకు భారమగును. యంత్రములు, పనిముట్లు పెద్దవారి కొలతలకు చేసినవి. పని క్రొత్తది గావున ఎక్కడ చేయి పెట్టరాదో తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గు. చేయనని చెప్పుటకు భయము. పైగా ఆ వయస్సున తోటివారి ముందు వెనుకంజ వేయుట అవమానముగా తోచును. మూత తీసిన గడ్డి కత్తిరించు యంత్రములో చేయి పెట్టువాడు, తడిచేతితో మోటారు మీట నొక్కువాడు చాలవరకు ఈ వయస్సువాడే.

ఇట్టివారికి మనము హితవు చెప్పినచో తల యూపి పోవుదురు. అదే మాటను తమతో కలిసి పని చేయువాడు, తమ బాధ లెరిగినవాడు చెప్పినచో చెవికెక్కును. “చేతికి గ్లౌజులు వేసుకో” యని అధికారి చెప్పినచో అది ఉపదేశము. స్నేహితుడు తాను వేసికొని చూపినచో అది వాడుక యగును. ఈ సత్యమును గ్రహించియే పలుచోట్ల కిశోరులనే శిక్షణ నిచ్చి తోటివారికి నాయకులుగా తీర్చిదిద్దుచున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన శ్రామికారోగ్య విభాగమువారు ఉన్నత పాఠశాల విద్యార్థులను జట్లుగా పిలిచి, పనిచోట క్షేమమును గురించి, హక్కులను గురించి నేర్పి పంపుదురు. ఆ జట్లు తమ తమ ఊళ్లకు పోయి తోటివారికి బోధించును. అచ్చట మే నెలను యువ కార్మికుల క్షేమమునకై ప్రత్యేకించిరి.

అంత దూరము పోనేల? మన పొరుగుననే యున్న కర్ణాటకమును చూడుడు. 1990లో బెంగుళూరులో పనిచేయు పిల్లలు “భీమ సంఘ” యను పేర తమ సంఘమును స్థాపించుకొనిరి. శ్రామిక బాలల మేలుకై పాటుపడుచున్న యొక సంస్థ వారికి అండగా నిలిచెను. 1995 నుండి ఆ రాష్ట్రమునందలి కొన్ని గ్రామములలో “మక్కళ పంచాయతీ”లు, అనగా పిల్లల పంచాయతీలు, ఏర్పడెను. పిల్లలే ఓటు వేసి తమ ప్రతినిధుల నెన్నుకొందురు. ఆ ప్రతినిధులు తమ యీడువారి కష్టములను సేకరించి పెద్దల పంచాయతీ ముందును, అధికారుల ముందును పెట్టుదురు. కుందాపుర ప్రాంతము కొండవాగుల సీమ; వానకాలములో వాగులు పొంగి పిల్లల రాకపోకలకు ప్రాణభయము కలుగుచుండెను. ఎక్కడెక్కడ కాలివంతెనలు కావలయునో పిల్లలే లెక్క తీసి పెద్దల ముందుంచిరి. 1996లో అదే కుందాపురమున ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ఖండముల నుండి పనిచేయు పిల్లల ప్రతినిధులు సమావేశమై, తమను గురించి తీసికొను నిర్ణయములలో తమ మాటయు వినవలెనని కోరిరి.

మన తెలుగునాట మార్గము కొంత వేరుగా సాగినది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు, బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యను సూత్రముతో, పనిలోని పిల్లలను బడికి చేర్చిరి. ఆ యుద్యమమునకు నాయకత్వము వహించిన శ్రీమతి శాంతా సిన్హాగారు 2003లో మెగసెసే పురస్కారము నందుకొనిరి. ఆ కృషిలోను ఇల్లిల్లు తిరిగి తల్లిదండ్రులను ఒప్పించినవారిలో గ్రామ యువజనులు ముఖ్యులు.

పిల్లల పనికి గౌరవము కావలెనని యొకరు, పనియే వలదు బడి కావలెనని యొకరు అనుచున్నారు గదా, మనము దేనిని పట్టుకొనవలెనని మీరడుగవచ్చును. చట్టము దీనికి దారి చూపినది. 14 ఏండ్ల లోపు పిల్లల విషయములో చర్చ లేదు. వారి చోటు బడియే. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నిచ్చినది. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, వారిచే ఎట్టి పనియు చేయించరాదని శాసించిరి. బడి వేళలు గాక మిగిలిన వేళలలోను, సెలవులలోను, అపాయము లేని సొంత కుటుంబపు పనిలో సాయపడుట మాత్రమే దీనికి ముఖ్యమైన మినహాయింపు.

14 నిండి 18 నిండని కిశోరులను గనులలోను, మండు పదార్థములు, ప్రేలుడు పదార్థముల పనులలోను, చట్టము ప్రమాదకరములని పేర్కొన్న ప్రక్రియలలోను పెట్టరాదు. ఇతరమైన పనులకు కొలత కలదు. వరుసగా మూడు గంటలకు మించి పని చేయించరాదు. ఆపైన గంటసేపు విశ్రాంతి నీయవలెను. విశ్రాంతితో సహా దినమునకు ఆరు గంటలు దాటరాదు. రాత్రి 7 గంటల నుండి ఉదయము 8 గంటల వరకు పనికి పిలువరాదు. వారమునకొక పూర్తి దినము సెలవు. దుకాణము, హోటలు, కార్ఖానా మాత్రమే కాదు, పొలము కూడ ఈ నియమము క్రిందికి వచ్చును. పిల్లలను నిషిద్ధమైన పనిలో పెట్టిన యజమానికి ఆరు మాసముల నుండి రెండేండ్ల వరకు జైలు, లేదా 20,000 నుండి 50,000 రూపాయల జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును.

ఇక బయానాల సంగతి. కర్నూలు, గద్వాల ప్రాంతములలో సంకర పత్తివిత్తనముల చేలలో ఆడపిల్లలచే పూలకు పరాగసంపర్కము చేయించుట అందరెరిగినదే. సాయంకాలము మొగ్గలు విప్పుట, మరునాటి యుదయము పుప్పొడి యద్దుట వారి పని. తల్లిదండ్రులకు ముందుగా సొమ్ము ఇచ్చి, ఆ బాకీ తీరువరకు బిడ్డను పనికి కట్టివేసినచో అది వెట్టిచాకిరియే. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసి, అట్టి బాకీని తీర్చనక్కరలేదని చెప్పినది. ఈ యొక్క మాట తెలిసిన బాలిక వాడకొకతె యున్నచో ఎంత మార్పు వచ్చునో యోచింపుడు.

కావున పంచాయతీలు చేయదగిన పని యేమి? నా యనుభవముతో కొన్ని సూచనలు చేయుచున్నాను.

మొదట లెక్క తీయుడు. 14 మొదలు 18 ఏండ్ల వారిలో ఎవరెవరు ఏ పనిలో నున్నారో వాడవాడకు వ్రాసికొనుడు. తరువాత పది పన్నెండుగురు కిశోర నాయకులను ఎన్నుకొననిండు. మీరు నియమింపవలదు, వారే ఎన్నుకొనవలెను. అందులో సగము బాలికలు, అన్ని వాడలవారు, నిజముగా పనికి పోవువారు ఉండవలెను. సర్పంచిగారి కుమారుడు, కరణీకము చేసిన యింటి పిల్లవాడు మాత్రమే యున్నచో కూలి పిల్లలు వారితో మనసు విప్పి మాటలాడరు.

పిమ్మట రెండు దినముల శిక్షణ. దీనికి పెద్ద వ్యయ మక్కరలేదు. ప్రాథమికారోగ్య కేంద్రము డాక్టరుగారు, వ్యవసాయాధికారి, విద్యుత్తు లైనుమాన్, కార్మిక శాఖ యధికారి వచ్చి తలకొక పూట చెప్పిన చాలును. పురుగుమందు డబ్బాపై వజ్రాకారపు గుర్తు కలదు. దాని క్రింది సగమున ఎరుపున్నచో మిక్కిలి తీవ్రమైన విషము. తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ యనగా విషము లేదని కాదు, తక్కువ యని మాత్రమే. చదువు రాని బాలునికిని రంగు తెలియును. మందు మీద పడినచో బట్టలు విప్పి సబ్బుతో కడుగవలెనని, కంటిలో పడినచో నీటితో చాలసేపు కడుగవలెనని, ఆసుపత్రికి పోవునపుడు డబ్బాను వెంట తీసికొని పోవలెనని నేర్పుడు. ఆనాడు మాకీ చిన్న సంగతి తెలిసియున్నచో ఆ గంట కాలము వ్యర్థము కాకుండెడిది. నడచుచున్న యంత్రమును శుభ్రము చేయరాదని, మూత తీసిన యంత్రము దగ్గరకు పోరాదని నేర్పుడు. పిల్లల సహాయమునకు 1098 అను టెలిఫోను నంబరు కలదని ప్రతి నోటను నానవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, నెలకొకసారి ఆ నాయకులు పంచాయతీ కార్యాలయములో సమావేశమగుట. జరిగిన ప్రమాదములనే గాక, తృటిలో తప్పినవానిని కూడ ఒక పుస్తకములో వ్రాయవలెను. ప్రతి సంగతికి ఎదురుగా పంచాయతీ ఏమి చేసినదో కార్యదర్శి వ్రాసి చూపవలెను. గ్రామసభలో ఆ పుస్తకమును చదువవలెను. 18 ఏండ్లు నిండనివారిచే పురుగుమందు కొట్టించరాదని, నూర్పిడి యంత్రమున పన పెట్టించరాదని గ్రామసభ తీర్మానము చేయుట మంచిది.

ఇచట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. కిశోర నాయకులు పోలీసులు కారు, మనకు వేగులవారును కారు. ఆసామితో తగవుపడు బాధ్యత వారిది కాదు. వారు వచ్చి చెప్పుదురు. పోయి మాటలాడవలసినది మనము. ఎవరు చెప్పిరో బయటపడరాదు. చెప్పినందుకు ఒక బాలుని కూలి పోయినచో, ఆ మరునాటి నుండి ఊరిలో ఒక్కరును నోరు విప్పరు. ఆ భారమును పంచాయతీయే వహింపవలెను.

“మేమందరము చిన్ననాటి నుండి పని చేసినవారమే గదా, ఏమైనది?” అని కొందరు పెద్దలు అనుట కలదు. నిజమే. కాని మన చిన్ననాట నాగలి, కొడవలి యుండెను. నేడు పవర్ స్ప్రేయరు, రోటవేటరు వచ్చినవి. పని నేర్పుట వేరు, ప్రాణమును పణముగా పెట్టుట వేరు. పేదరికము మాటయు నిజమే. బిడ్డ కూలి లేనిదే గడవని యిల్లు ఉన్నచో ఆ యింటి పెద్దలకు ఉపాధి పని దొరకునట్లు, బిడ్డకు హాస్టలులో చోటు దొరకునట్లు చూచుట మన విధి.

ఆ 17 ఏండ్ల బాలుడు నేడు పెరిగి పెద్దవాడైనాడు. అతని ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. “మేం చెబితే ఎవరు వింటారు?” ఈ ప్రశ్నకు ఉపన్యాసములు సమాధానము కావు. మీ మీ పంచాయతీ కార్యాలయములలో నెలకొక సాయంకాలము ఒక చాప పరచి, ఒక పుస్తకము తెరచి, ఆ పిల్లలను కూర్చుండబెట్టి, వారు చెప్పునది వినుడు. విన్నదానికి జవాబు చెప్పుడు. అంతవరకు చేసినచో నేను నా కాలములో చేయలేని పనిని మీరు చేసినవారగుదురు.