వలపు – నిష్ఠూరము: మధ్యయుగపు ఆంగ్లకవుల మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేపపువ్వు, బెల్లము కలిపిన పచ్చడిని ఇప్పుడే ఆరగించి కూర్చున్నాము. ఆ రుచి నాలుకపై ఉండగానే, వలపును నిష్ఠూరమును కలిపి చెప్పిన మరొక దేశపు కవిత్వమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

‘కంప్లెయింటు’ అనే ఇంగ్లీషు మాట మనకందరికీ తెలిసినదే. కుళాయిలో నీళ్లు రాకపోతే ఆఫీసుకు పోయి మనము చేసేది అదే. ఆరువందల ఏండ్ల కిందట ఇంగ్లండులో ఆ మాట న్యాయస్థానములో అర్జీకి చెల్లేది, ప్రేమికుని మొరకూ చెల్లేది. ఫ్రెంచి కవుల నుండి వచ్చిన ఆ పేరుతోనే ఒక కవితారీతి కూడ ఉండేది.

ఆ రీతిలో చేయి తిరిగినవాడు 1400లో మరణించిన జాఫ్రీ ఛాసరు. 1374 నుండి పన్నెండేండ్లు లండను రేవులో ఉన్ని సుంకముల లెక్కలు చూచిన ఉద్యోగి. అర్జీల సంగతి బాగుగా ఎరిగినవాడు. అతని కవితలలో ఒక ప్రేమికుడు క్రౌర్యము మీద అర్జీ వ్రాసికొని కరుణాదేవి వద్దకు పోతాడు. పోయి చూస్తే కరుణ మరణించి ఉన్నది! అయినా అర్జీని చించివేయడు. ఆమెనే సంబోధించి వ్రాసిన ఆ మొరను మనకు వినిపిస్తాడు.

1399లో నాల్గవ హెన్రీ రాజైనప్పుడు ఛాసరు తన ఖాళీ డబ్బుసంచినే ప్రియురాలిగా భావించి, ‘తేలికైపోయినావేమి’ అన్న ధోరణిలో మొరపెట్టుకొని, చివర రాజుకు విన్నపము చేసినాడు. ఆ యేడే రాజు అతని భృతిని పెంచినాడు. పద్యమే కారణమని మేము అనము.

వీటికంటె పాతది, మా మనస్సుకు దగ్గరైనది మరొకటి ఉన్నది. వెయ్యేండ్లు దాటిన ఎక్సెటరు గ్రంథములోని ఆ కవితకు కర్త ఎవరో తెలియదు. భర్త సముద్రము దాటిపోయినాడు. అతని బంధువులు కుట్ర చేసి వారిద్దరినీ వేరుచేసినారు. ఓక్ చెట్టు కింద మట్టిగుహలో ఒంటరిగా ఉన్న ఆ ఇల్లాలు నిష్ఠూరమాడుతుంది. చివరకు, తుపానుకు తడిసిన రాతిగట్టున కూర్చుండి ఇంటిని తలచుకొనే ప్రియుని ఊహిస్తుంది. అది శాపమో, జాలియో పండితులు నేటికీ తేల్చలేదు. రెండూ అని మాకు తోస్తుంది.

అలిగిన నాయిక, దేవుని నిలదీసిన భక్తుడు మనకు కొత్తవారు కారు. ఎక్కడ హక్కు ఉన్నదో అక్కడే నిష్ఠూరము ఉన్నది. పరాయివారిని ఎవరు నిష్ఠూరమాడుతారు?

మా ఇంటికి ఊరినుండి మేనత్త ఉత్తరములు వచ్చేవి. పెండ్లికి రాలేదని, పిల్లలకు తెలుగు నేర్పలేదని ప్రతి ఉత్తరములోను నిష్ఠూరమే. విసుగుకొని, జవాబు వ్రాయుట వాయిదా వేసేవారము. ఒక ఉగాదికి ఉత్తరము రాలేదు. ఆమె ఇక లేదని తరువాత తెలిసినది. ఆనాటినుండి మాకు ఊళ్లో చుట్టములు ఉన్నారు గాని, మమ్ములను అడిగేవారు లేరు.

కనుక మా విన్నపము ఒక్కటే. ఇంటికి పోయిన తరువాత, మిమ్ములను నిష్ఠూరమాడేవారు ఎవరైనా ఉంటే ఈ రాత్రికే జవాబు చెప్పండి. ఉత్తరమైనా సరే, ఫోనైనా సరే.

సెలవు.