కంబళి ఉతికే పద్ధతి



వ్యవసాయ విస్తరణాధికారి మాట్లాడుతున్నాడంటే విత్తనం సంగతో, ఎరువు సంగతో చెబుతాడని అనుకొని ఉంటారు. ఈ పూట నేను కంబళి ఉతకడం గురించి చెప్పబోతున్నాను. "బట్టలుతికేది మాకు తెలీదా సామీ?" అని నవ్వేవారు నవ్వండి, పరవాలేదు. నూలు బట్ట ఉతకడం మీకు నాకంటే బాగా తెలుసు. చిక్కల్లా అక్కడే వస్తున్నది. పంచె ఉతికినట్టే కంబళినీ ఉతుకుతున్నాం. సోడా వేసి ఉడకబెట్టి, బండకేసి నాలుగు దెబ్బలు కొట్టి, ఇద్దరు చెరోవైపు పట్టుకొని మెలిపెట్టి పిండి, దండెం మీద వేలాడేస్తున్నాం. మరునాడు చూస్తే ఆరు మూరల కంబళి ఐదు మూరలైంది. చాప మాదిరి గట్టిపడింది. కప్పుకుంటే కాళ్లు బయట పడతాయి.

"పోతే పోయింది, ఇంకోటి కొందాం" అనుకొనే రోజులు కావివి. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. ఈ మెట్టభూముల్లో పైరుతో పాటు గొర్రెల మంద కూడా ఉంటేనే సంసారం గడుస్తుంది. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు కురుబ సోదరులు నల్ల గొర్రె బొచ్చు కత్తిరించి, ఆడవాళ్లు రాట్నం మీద వడికి, నూలుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద కంబళి నేసేవారు. ఇప్పుడు మాంసానికని ఉన్ని లేని ఎర్ర గొర్రెలను పెంచడం ఎక్కువైంది. బొచ్చు తగ్గింది, వడికే చేతులు తగ్గాయి, మగ్గాలు తగ్గాయి. అసలు ఉన్ని కంబళి అంటూ ఇంట్లో ఒకటి ఉంటే అది చాలావరకు నాయన కప్పుకొన్నదో, తాత కప్పుకొన్నదో అయి ఉంటుంది. శనక్కాయ చేనికి కావలి పండుకొనేవాడికి అదే పరుపు, అదే దుప్పటి, చినుకు పడితే అదే గొడుగు. అట్లాంటి దానిని ఒక్క పూట ఉతుకుతో పోగొట్టుకోవడం నష్టం కాదా?

నూలుకూ ఉన్నికీ తేడా ఏమిటో ముందు చూద్దాం. పత్తి చెట్టు సరుకు, ఉన్ని జీవం ఒంటి సరుకు. మన తల వెంట్రుక, మన గోరు, ఎద్దు కొమ్ము ఏ పదార్థమో ఉన్ని కూడా అదే. కెరటిన్ అనే ఒక మాంసకృత్తు. ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే దాని ఒంటి నిండా చేప పొలుసుల వంటి పొలుసులు కనిపిస్తాయి. అవన్నీ కుదురు నుంచి కొనవైపుకే వాలి ఉంటాయి. యంత్రం లేకపోయినా మీరు పరీక్షించవచ్చు. ఒక పొడవాటి తల వెంట్రుకను రెండు వేళ్ల నడుమ పట్టి కుదురు నుంచి కొనకు లాగండి, నున్నగా జారుతుంది. కొన నుంచి కుదురుకు లాగండి, కొంచెం గరుకుగా పట్టినట్టుంటుంది.

చిన్నప్పుడు ముళ్లున్న గడ్డి కంకిని చొక్కా చేతిలోపల పెట్టుకొని చెయ్యి ఊపే ఆట అందరం ఆడినాం గదా. ఊపినకొద్దీ ఆ కంకి ముందుకే పోతుంది గాని వెనక్కి రాదు. ఉన్ని పోగు కూడా అంతే. వేడి నీళ్లు, సబ్బు నురగ, రుద్దుడు, ఈ మూడూ కలిశాయంటే ఒక్కొక్క పోగూ ఒకవైపుకే పాకుతూ పోయి పక్క పోగుతో చిక్కుపడుతుంది. పొలుసుకు పొలుసు తగులుకుంటుంది. ఆ చిక్కు మళ్లీ విడదు. కంబళి కురచైపోవడమంటే ఇదే. లాగితే రాదు, ఇస్త్రీ చేస్తే రాదు.

ఇది ఉన్నికి ఉన్న దోషమని అనుకోవద్దు. కాశ్మీరులో నమ్దా అని ఒక రకం పరుపు చేస్తారు. దానికి మగ్గమే లేదు. ఉన్ని పరిచి, సబ్బు నీళ్లు చల్లి, చుట్టచుట్టి దొర్లిస్తూ వత్తుతారు. పోగులు చిక్కుపడి దిట్టమైన పరుపు అవుతుంది. వారు కావాలని చేసే పనినే మనం తెలియక చేస్తున్నాం.

ఇక సోడా మాట. చౌడు నేల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. చౌడు తేలిన మడిలో మొలక ఎట్లా మాడిపోతుందో చూసినవారే మీరంతా. ఆ చౌడులో ఉండే క్షారమే బట్టల సోడాలో కూడా ఉంది. పూర్వం చౌడు మన్నుతోనే బట్టలు ఉడకబెట్టేవారు. నూలు ఆ ఉడుకుకు ఓర్చుకుంటుంది, ఉన్ని ఓర్చుకోదు. క్షారం తగిలితే ఉన్ని పసుపెక్కుతుంది, పెళుసవుతుంది. మరీ ఘాటైన కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికిస్తే ఉన్ని పూర్తిగా కరిగి జావ అయిపోతుంది. బ్లీచింగ్ పౌడరు కూడా ఉన్నికి చేటే. అంగట్లో దొరికే బట్టల పొడుల్లో చాలావాటికి క్షారగుణం ఉంటుంది. మరకలు పోగొడతాయని కొన్నిటిలో ఎంజైములు కలుపుతారు. నెత్తుటి మరకలోని మాంసకృత్తును అరగదీసే ఎంజైము, ఉన్ని కూడా మాంసకృత్తే గనుక, దానినీ కొరుకుతుంది.

మరి దేనితో ఉతకాలి? కుంకుడుకాయ. ఇంతకంటే మంచి సరుకు నాకు కనబడలేదు. కుంకుడు రసానికి క్షారం లేదు, కొంచెం పులుపు గుణమే ఉంది. దానితో ఇంకో లాభమున్నది. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠినజలం. అందులో సబ్బు వేస్తే నురగ రాకుండా విరిగి, తెల్లటి తెట్టు కట్టి పోగుకు అంటుకుంటుంది. ఆరిన తర్వాత కంబళి జిగటగా, మట్టి పట్టినట్టుగా ఉండడానికి అదే కారణం. కుంకుడు రసం అట్లా విరగదు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు గాని, పట్టి ఉంచిన వాన నీళ్లు గాని దొరికితే మరీ మంచిది. దొరక్కపోతే బోరు నీళ్లతోనే కానివ్వండి.

ఒక కంబళికి యాభై కుంకుడుకాయలు చాలు. గింజలు తీసి ముందురోజు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి గుడ్డలో వడకట్టుకోండి. పిప్పి అందులో పడితే పోగుల్లో ఇరుక్కుంటుంది. రసం కంట్లో పడకుండా చూసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

తడపబోయే ముందు దుమ్ము దులపాలి. కంబళిలో ఉండే మురికిలో పెద్ద భాగం వట్టి మట్టే. దండెం మీద వేసి బెత్తంతో మెల్లగా తట్టండి. పల్లేరుకాయలు, గడ్డి ముళ్లు చేత్తో ఏరండి. దుమ్ము దులపకుండా నీళ్లలో వేస్తే అదంతా బురదై లోపలికి దిగుతుంది, అప్పుడు రుద్దకుండా పోదు.

ఒక తొట్టిలో మూడు బిందెల నీళ్లు పోసి కుంకుడు రసం కలపండి. నీళ్లు చల్లగా ఉన్నా సరే, చెయ్యి పెడితే వేడి తెలియనంత గోరువెచ్చగా ఉన్నా సరే. ఏదైనా ఒకటే పెట్టుకోండి. వేడి నీళ్లలో నుంచి తీసి చన్నీళ్లలో వేయడం కూడా కురచకావడానికి ఒక కారణం. తొట్టిలో పెద్ద గంప ఒకటి దించి, గంపలో కంబళి పరవండి. గంప ఎందుకో తర్వాత చెబుతాను. పావుగంట నాననివ్వండి, అంతకు మించి అక్కరలేదు. అరచేతులతో పైనుంచి అదమండి, వదలండి, మళ్లీ అదమండి. రుద్దవద్దు, కాళ్లతో తొక్కవద్దు, బ్రష్షు వేయవద్దు. మొదటి విడతలోనే నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరుగుతాయి. చూసి భయపడకండి.

ఇప్పుడు గంప సంగతి. ఉన్ని తడిసినప్పుడు దాని బలం తగ్గుతుంది, బరువు మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక మూల పట్టుకొని పైకి లాగామంటే తన బరువుకు తానే సాగుతుంది. పాతదైతే పోగు తెగుతుంది. అదే గంపతో సహా ఇద్దరు పట్టి ఎత్తితే కంబళికి ఏమీ కాదు, నీళ్లు కూడా తమంతట తామే కారిపోతాయి. గంపను రెండు రాళ్ల మీద ఆనించి ఒక చుట్ట కాల్చుకొనేంత సేపు వదిలేయండి. (చుట్ట కాల్చమని చెప్పడం లేదు, సేపు చెబుతున్నాను.) తర్వాత మంచి నీళ్లలో రెండు మూడుసార్లు ఇట్లాగే ముంచి అదిమి తీయండి. మెలిపెట్టి పిండవద్దు. పాత నూలు దుప్పటి పరిచి, దానిపై కంబళి వేసి, రెండూ కలిపి చుట్టి వత్తితే మిగిలిన తడి దుప్పటి పీల్చుకుంటుంది. వాషింగ్ మెషిన్ ఉన్న ఇండ్లవారికి ఒక మాట: మన చేతి నేత కంబళిని దానిలో వేయకండి.

ఆరవేయడానికి నులక మంచం ఉత్తమం. కంబళిని మంచం మీద పరిచి, మూలలు సరిచేసి, చేత్తో సాపు చేయండి. కింద నుంచి గాలి ఆడుతుంది. నీడపట్టున ఉంచి నడుమ ఒకసారి తిప్పండి. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కాలే బండపైన పరవవద్దు, పొయ్యి దగ్గర అసలే వద్దు. పైకి ఆరినట్టు కనబడుతుంది గాని లోపల తడి ఉంటుంది. తన బరువులో మూడో వంతు తేమను దాచుకొని కూడా తడి తెలియనివ్వదు ఉన్ని. అందుచేత రెండో రోజు కూడా గాలికి ఉంచాకే మడవండి.

ఆ ఉతికిన నీళ్లు ఏం చేయాలి? కుంకుడు నీళ్లు చెట్ల పాదుల్లో పోయవచ్చు. సోడా నీళ్లు మాత్రం పోయకండి, ఉన్న చౌడు చాలు మనకు. కుంకుడు నీళ్లను చేపలున్న గుంటలోకి, చెరువులోకి మాత్రం వదలవద్దు. కుంకుడు రసం చేప మొప్పలకు విషం. మన బుక్కరాయసముద్రం చెరువు బుక్కరాయల కాలంలో, 1364లో, పండమేరుకు అడ్డంగా కట్ట వేసి కట్టినదని చెబుతారు. ఇన్ని తరాలు నిలిచిన చెరువులో చేపలు పట్టుకొని బతికేవారున్నారు. గట్టున కూర్చొని ఉతుక్కుంటే పని సులువే, కాదనను. నీళ్లు ఇంటికి తెచ్చుకొని ఉతకండి.

కొత్త కంబళి అయితే అసలు ఉతకవద్దు. అందులో చింతగింజల గంజి ఉంటుంది, గొర్రె ఒంటి మైనం కూడా ఉంటుంది. చినుకు లోపలికి దిగకుండా ఆపేది ఆ మైనమే. ఎంత మంచి రసంతో ఉతికినా అది కొంత పోతుంది. కాబట్టి మాటిమాటికీ ఉతకడం కంటే మాటిమాటికీ దులిపి, గాలికి వేయడం మేలు. ఏడాదికి ఒక్కసారి ఉతికితే బాగా వాడే కంబళికి కూడా చాలు.

పిల్లల స్వెట్టర్లకూ, శాలువలకూ ఇదే పద్ధతి. అయితే ఉన్ని పేరుతో అమ్మేదంతా ఉన్ని కాదు. అడుగంచున ఒక పోగు తీసి నిప్పుకు చూపండి. వెంట్రుక కాలిన కమురు వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే ఉన్ని. కరిగి గట్టి పూసలాగా ముద్దకడితే మిల్లు సరుకు. దానికి ఇంత శ్రమ అక్కరలేదు.

దాచే సంగతి. ఉన్నిని తినే పురుగు ఒకటుంది. చిన్న గోధుమరంగు రెక్కల పురుగు గుడ్లు పెడితే, వాటి పిల్లలు ఉన్నిని కొరికి చిల్లులు చేస్తాయి. చెమట, తిండి మరకలు ఉన్న చోటనే వాటికి మక్కువ. మురికి కంబళిని మూటగట్టి అటకెక్కిస్తే ఆ పురుగుకు మేత వేసినట్టే. వేపాకు వేసుకోండి, తప్పులేదు. అంతమాత్రాన నిశ్చింతగా కూర్చోవద్దు. నెలకొకసారి విప్పి ఎండలో దులపండి. నాఫ్తలీన్ ఉండలు వేసి దాచినదైతే రెండు మూడు రోజులు బాగా గాలికి ఉంచాకే కప్పుకోండి. ఆ ఆవిరి పసిబిడ్డలకు ప్రమాదం. కొందరు శిశువుల్లో రక్తకణాలు చితికి పచ్చకామెర్లు కమ్ముతాయి. బాలింత గదిలోకి అట్లాంటి కంబళిని తేవద్దు.

నల్లులనీ, పిడుదులనీ కంబళి మీద పైరుకు కొట్టే మందు చల్లేవారున్నారు. రాత్రంతా ముఖం మీదికి కప్పుకొనే దాని మీద పురుగుమందు చల్లవచ్చునా? ఇంట్లో గజ్జి ఉండి ఆ కంబళి కప్పుకొన్నారంటే ఉడకబెట్టే పని లేదు. ప్లాస్టిక్ సంచిలో బిగించి ఒక వారం పక్కన పెట్టండి. మనిషి ఒంటి మీద లేకుండా గజ్జి పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. మనుషులకు మాత్రం వైద్యం చేయించాలి.

ఇంకొక్క సంగతి, ఇది కాపరులకు ముఖ్యం. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, తగిలిన గొర్రె ఉన్నట్టుండి చస్తుంది. ముక్కు నుంచి, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతుంది. దాని మీద కంబళి కప్పి ఉంటే, దానిలో చుట్టి మోసి ఉంటే, ఆ కంబళిని ఉతకవద్దు, దులపవద్దు, ఇంటికి తేవద్దు. ఆ రోగబీజాలు ఉతుకుకు పోవు, ఏండ్ల తరబడి బతుకుతాయి, మనుషులకూ అంటుతాయి. కళేబరాన్ని కోయకుండా, కంబళిని ముట్టకుండా పశువైద్యుణ్ణి పిలవండి. ఆయన చెప్పినట్టు చేయండి. ఆ ఒక్క కంబళి విషయంలో పొదుపు చూసుకోవద్దు.

ఉతికేది ఎప్పుడని అడుగుతారేమో. చలికాలంలో పెట్టుకుంటే ఆరదు, రాత్రికి కప్పుకొనేదీ ఉండదు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ పండుగ వెళ్లిన వారంలో గాలి పొడిగా ఉంటుంది, బోర్లు ఇంకా వట్టిపోవు, చేలో పని కూడా కొంత తెరిపిగా ఉంటుంది. ముందురోజు రాత్రే కుంకుడుకాయలు నానవేసుకోండి.