దారి చెప్పెడు యంత్రములు

కొత్త ప్రాంతమునకు పోవు బాటసారి నాలుగుదారుల కూడలిలో నిలిచి, ఫలానా ఊరికి త్రోవ ఏదని అడుగును. చెప్పువాడు ఆ ఊరు చూచి యుండనక్కరలేదు. ‘పక్క ఊరివారు ఇటు పొమ్మనిరి’ అని మాత్రమే చెప్పగలడు. ఇంటర్నెట్టులో సమాచారము ప్రయాణము చేయు విధానమును ఇట్టిదే.

ఇంటర్నెట్టు ఒక్కరి యాజమాన్యమున నున్న ఒక్క వల కాదు. టెలిఫోను కంపెనీలు, విశ్వవిద్యాలయములు, వ్యాపార సంస్థలు ఎవరికి వారు నడుపుకొను వేలాది వలల కూటమి అది. ఒక వలనుండి మరియొక వలకు సమాచారమును దాటించు యంత్రమును రౌటరు అందురు. త్రోవ నిర్ణయించునది దానిలోని సాఫ్ట్‌వేరు. పెద్ద కంపెనీలు తయారుచేసి అమ్మునవి కొన్ని. ప్రాగు నగరమున చార్లెస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆరంభించిన ‘బర్డ్’ వంటి ఉచితమైనవి కొన్ని. ఏదైనను, వలల మధ్య మాటలాడునపుడు అన్నిటికిని భాష ఒక్కటే. దాని పేరు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరమున ఇంజనీర్ల సమావేశమునకు వచ్చిన కర్క్ లోహీడ్, యాకోవ్ రెఖ్టర్ అను నిద్దరు, భోజనవేళ చేతులు తుడుచుకొను కాగితములమీద దీని రూపురేఖలు గీసిరి. అప్పటికి పని గడుపుకొనుటకై పుట్టిన యేర్పాటు. నేటికిని లోకమంతయు దానిమీదనే నడచుచున్నది.

ఇందు మూలసూత్రము పొరుగువాని మాట నమ్ముట. ‘ఈ చిరునామాలకు దారి నా యొద్ద నున్నది’ అని ఒక వల చాటును; పొరుగువలలు విని తమ పొరుగులకు చెప్పును. రెండు మాటలు పొసగనపుడు? ఒకడు ‘ఆ తాలూకా అంతయు ఇటే’ అనియు, మరియొకడు ‘మీరడుగు ఊరు అటున్నది’ అనియు చెప్పినచో, బాటసారి రెండవవానినే నమ్మును. రౌటరును అంతే. చిన్న ప్రాంతమును గూర్చి చెప్పిన మాటయే గెలుచును.

2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ ప్రభుత్వము తమ దేశములో యూట్యూబు కనబడకుండ చేయుమని ఆజ్ఞాపించినది. యూట్యూబు అప్పుడు 1,024 చిరునామాల ప్రాంతమును తనదిగా చాటుచుండెను. 24వ తేదీన పాకిస్తాన్ టెలికాం సంస్థ, అందులో 256 చిరునామాలకు దారి తన యొద్ద నున్నదని ప్రకటించినది. స్వదేశీయుల రాకపోకలను తనవైపు మళ్ళించి, అక్కడనే ఆపివేయుట ఉద్దేశము. ఇంటిలో అనవలసిన ఆ మాట గడప దాటినది. హాంగ్‌కాంగుకు చెందిన పొరుగు సంస్థ దానిని విచారింపకయే లోకమునకు చాటినది. నిమిషములలో నలుమూలలనుండి యూట్యూబుకు పోవలసిన రాకపోకలు పాకిస్తాన్ దారి పట్టి, అచ్చటనే నశించినవి. శ్రోతలు ఒకటి గమనింపవలెను: యంత్రమేదియు చెడలేదు, తీగ యేదియు తెగలేదు. సాఫ్ట్‌వేరు తనకు నేర్పిన నియమమును అక్షరాల పాటించినది!

గంట దాటిన తరువాత యూట్యూబు ఇంజనీర్లును అవే 256 చిరునామాలను చాటిరి. అది చాలక, వానిని 128 చొప్పున రెండుగా విభజించి మరల చాటిరి. చిన్నదాని మాట గెలుచునను సూత్రము ఈసారి వారికి తోడ్పడినది. మొత్తము రెండు గంటలు గడచిన పిమ్మట గాని హాంగ్‌కాంగు సంస్థ ఆ తప్పుదారిని ఉపసంహరించుకొనలేదు.

వినోదచిత్రములు రెండు గంటలు కనబడకున్న వచ్చిన నష్టమేమని కొందరనవచ్చును. కాని బ్యాంకు లావాదేవీలును, ఆసుపత్రి సమాచారమును ఈ దారులనే పోవుచున్నవి. దురుద్దేశముతో చాటినవాడు వానిని ఆపనక్కరలేదు. తనయొద్దకు రప్పించుకొని, ముందుకు పంపవచ్చును. పంపినవారికి అనుమానమైన కలుగదు.

అందుచేత ఏ చిరునామాను ఎవరు చాటవచ్చునో తెలుపు సంతకపు పత్రములు ఏర్పడినవి. వానితో పొసగని చాటింపును నేటి సాఫ్ట్‌వేరు త్రోసిపుచ్చగలదు. ఐతే ఆ పత్రము ఊరెవరిదో చెప్పును గాని, నడుమ త్రోవ చెప్పినవారందరు నిజము పలికిరో లేదో చెప్పదు. అందుకు వేరు పత్రములు కావలెను. వాని నియమములను నిపుణులు ఇంకను వ్రాయుచునే యున్నారు.