కొండపై దారి పందెము
(నెల్లిమర్ల మండలములోని గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



మన పాఠశాలల పిల్లలకు రామతీర్థము కొండలపై ఓరియంటీరింగ్ పందెము నడుపవలెనని మీలో కొందరు తలపెట్టినారు. చాల సంతోషము. పేరు పరదేశపుదైనను పని సులభముగా తెలియునదే. చేత పటము, దిక్సూచి పట్టుకొని, గుర్తు పెట్టిన చోట్లను వరుసగా కనుగొని, తక్కువ కాలములో తిరిగి వచ్చినవారు గెలిచినట్లు. ఇందు కాలిబలమొక్కటే చాలదు, ఆలోచనయు కావలెను.

ఈ క్రీడ ఉత్తర ఐరోపా సైనికుల శిక్షణనుండి పుట్టినది. 1897లో నార్వే దేశమున ప్రజలకై తొలి పందెము జరిగినది. 1919లో ఎర్న్‌స్ట్ కిల్లాండర్ అను సైనికాధికారి స్వీడన్‌లో పెద్ద పందెము నడిపి దీనికి వ్యాప్తి కలిగించెను. 1961లో 10 దేశములు చేరి అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించినవి. బ్రిటన్‌లో చెట్లులేని చిత్తడి మిట్టలపై, పొగమంచు కమ్మినపుడు గూడ, చిన్న క్లబ్బులే దీనిని నడుపుచున్నవి. వారికి అది సాధ్యమగుటకు కారణము ముందుజాగ్రత్త.

మన నేల వేరు. బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండలపై ఎండ, నున్నని బండలు, ముండ్ల తుప్పలు మనకు ప్రత్యర్థులు. కావున పంట నూర్పిళ్లు ముగిసిన చలికాలమున, ప్రొద్దుటిపూట పందెము నడుపుట మేలు.

మొదట పటము సంగతి. 1767 నుండి పనిచేయుచున్న భారత సర్వే శాఖవారి 1:50,000 పటములో ఒక కిలోమీటరు నేల 2 సెంటీమీటర్లుగా కనబడును. పందెమునకు 1:10,000 పటము కావలెను. అందు అదే కిలోమీటరు 10 సెంటీమీటర్లగును. చిన్న పటమును పెద్దది చేసినంతమాత్రమున అందు లేని బండ వచ్చి చేరదు. కావున ఉపాధ్యాయులు కొండ యంతయు నడచి, గెడ్డ మలుపులు, పెద్ద రాళ్లు, కాలిబాటలు అందు చేర్చవలెను. పశుల కాపరులను వెంట తీసికొని వెళ్లుడు. వారికి తెలిసినన్ని దారులు మరెవరికిని తెలియవు.

పిమ్మట అనుమతులు. అటవీ సిబ్బందిని అడిగి ఎలుగుబంట్ల సంచారము గలదో లేదో తెలిసికొనవలెను. ఈ కొండలపై ప్రాచీన బౌద్ధ, జైన శిథిలములున్నవి. పురావస్తు శాఖవారికి తెలిపి, ఆ చోట్లకు దూరముగా పందెము దారి మరల్చవలెను. ఒక్క ఇటుకయైనను కదలరాదు.

గుర్తులకు నారింజ, తెలుపు రంగుల గుడ్డ జెండాలు వాడుదురు. వానిని బండ మొదట కట్టుడు. కాలు జారు అంచున కట్టవలదు. ఒకరు కట్టిన జెండాను మరియొకరు పటము చూచి వెదకి సరిచూడవలెను. జెండా తప్పుచోట నున్నచో పిల్లవాడు పటమును నమ్మి దారి తప్పును.

పిల్లలను కొన్ని నిమిషముల కొకరిగా పంపుడు. చిన్నవారిని జంటగా పంపుడు. ప్రతివారికి నీరు, ఈల ఇయ్యవలెను. నిమిషమునకు 6 మారులు ఈల వేయుట ఆపదకు గుర్తని నేర్పుడు. దారి తప్పినచో ఏ దిక్కున నడచిన రోడ్డు చేరుదురో ముందే చెప్పుడు. ఫోను సంచిలో మూసి యుంచవచ్చును గాని, కొండ చాటున సంకేతమందునని నమ్మరాదు.

అన్నిటికంటె ముఖ్యము లెక్క. చాల యేండ్ల క్రిందట మరియొక చోట ఇట్టి పందెమున లెక్క వ్రాయు పని నాది. సాయంకాలమునకు ఒక పిల్లవాని చీటి రాలేదు. 40 మంది దీపములు పట్టుకొని చీకటిలో కొండ యెక్కిరి. వారిలో ఒకరు జారిపడి చేయి విరుగగొట్టుకొనిరి. పిల్లవాని తల్లి కొండ మొదట కూర్చుండి, వచ్చిన ప్రతివారి ముఖము చూచుచుండెను. ఆ బాలుడు అలసి, సగములోనే వేరు దారిన దిగి, మేనమామ ఇంట నిద్రపోవుచుండెను. తప్పు వానిది కాదు. పందెము విడిచినవాడును ముగింపు చోటికి వచ్చి చెప్పవలెనని నేను ముందుగా చెప్పలేదు. నాటినుండి ఆ మాట ముమ్మారు చెప్పి, పిల్లలచే తిరిగి చెప్పించినగాని పందెము మొదలుపెట్టుట లేదు.

కావున మీలో ఒక సభ్యుడు బల్లవద్ద కూర్చుండి, ఎక్కినవారి పేర్లు, దిగినవారి పేర్లు స్వయముగా వ్రాయవలెను. రెండు లెక్కలు సరిపోవువరకు బహుమతులు పంచవలదు, జెండాలు విప్పవలదు, ఎవరును ఇంటికి పోరాదు.

ఇట్లు నడచిన పందెమువలన పిల్లలకు ధైర్యము, పటజ్ఞానము కలుగును. నేడు కొండ వాలును పటములో చదువ నేర్చినవారు రేపు గెడ్డ నీరు ఏ చెరువునకు పారునో మీకు చూపగలరు. పూనుకొనుడు, జాగ్రత్తగా నడుపుడు.

జై హింద్.