ముఖముపై నల్ల చుక్కలు

బీబీపేటలో అరువదేండ్లు దాటిన రైతొకడు తలపాగా విప్పి చెమట తుడుచుకొనుచున్నాడనుకొందము. కన్నుల క్రింద, కణతలపై, పెద్ద నల్ల చుక్కలు గుంపుగా కనబడును. మనుమరాలు చూచి, "తాతా, సబ్బు పెట్టి గట్టిగ రుద్దుకోరాదే!" అనును. ఆ పిల్ల మాటలో ప్రేమ యున్నది గాని, ఆ చుక్కలు సబ్బుకు లొంగునవి కావు.

మన చర్మములో వెండ్రుక మొలచు ప్రతి రోమకూపము ప్రక్కను చిన్న నూనెగ్రంథి కలదు. రాలిన చర్మకణములు ఆ నూనెతో కలిసి గట్టిపడి, బిరడావలె దారిని మూసివేయును. కూపము నోరు తెరచియున్నచో బిరడా మొన నల్లబడును. ఇదియే బ్లాక్‌హెడ్. ఆ నలుపు మురికి కాదు. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్, గాలి సోకి మారిన నూనెయు దానికి కారణములు. నోరు మూసికొనియున్నచో నలుపుండదు, చర్మపు రంగులోనే చిన్న బొడిపె యుండును. చర్మమును కొంచెము సాగదీసి, వెలుతురు ప్రక్కనుండి పడునట్లు చూచిన తెలియును.

నొక్కగా వెలువడు తెల్లని దారమును పూర్వము ఐరోపావారు పురుగని భ్రమించిరి. వైద్యులు నేటికిని వాడు "కొమెడో" అను లాటిను మాటకు తిండిపోతు అని యర్థము!

సామాన్యపు చుక్క మిల్లీమీటరు ప్రాంతముననుండును. నడివయసు దాటినవారికి ముఖముపైననో వీపుపైననో ఒక్కటే, కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున, ఏండ్లతరబడి నిలిచియుండుట కలదు. వైనర్ అను వైద్యుడు 1954లో దీనిని వర్ణించెను. ఎంత నొక్కి తీసినను మరల నిండును; సంచి లోపలనే యున్నది గదా! గోళ్ళతో గిల్లిన చీము పట్టి మచ్చ మిగులును. డాక్టరు చిన్న శస్త్రచికిత్సతో సంచిని తీసివేయవలెను. ఇక మన రైతు కన్నులచుట్టునున్న గుంపునకు కారణము ఏండ్లకొలది పొలములో పడిన యెండ. బీడీ, చుట్ట త్రాగువారికి ఇది మరింత యెక్కువ.

అయితే నల్లని చుక్కలన్నియు బ్లాక్‌హెడ్లు కావు. నడుమ రంధ్రము, అందులో బిరడా కానరావలెను. అవి లేక, మెరయు అంచుతో మెల్లగా పెరుగుచు, అప్పుడప్పుడు రక్తము చిమ్ముచు, పుండై మానని నల్లని కంతి చర్మపు కాన్సరు కావచ్చును. బేసల్ సెల్ కాన్సరు మనవంటి చామనచాయవారిలో తరచు నల్లగానే యుండును గనుక, దానిని పుట్టుమచ్చయనియో మురికియనియో ఏండ్లు గడుపువారు కలరు. చిన్నదిగా నున్నప్పుడే తీసివేసిన సాధారణముగా పూర్తిగా నయమగును. ఆ తాతను ఒకసారి చర్మవైద్యునియొద్దకు తీసికొనిపోయి, సందేహముగానున్న చుక్కను వ్రేలితో చూపుడు.