నాయిన పాస్‌బుక్కు, అమెరికా ఫారం

 

ఇయ్యాల ఉద్యమం సంగతి మిగతా వాళ్లు మాట్లాడుతరు. నేను పోయిన నెల మా ఇంట్ల జరిగిన ముచ్చట చెప్త. ఈ హాలుల సగం మంది ఇండ్లల్ల ఇదే ముచ్చట ఉంటదని నా అనుమానం.

టాక్సు కాయితాలు చూసే ఆయన "ఇండియాల ఖాతాలేమన్న ఉన్నయా?" అని అడిగిండు. లేవన్న. మా ఇంటామె పక్క నుంచి, "మామ ఖాతాల నీ పేరుంది గదా" అన్నది. నిజమే. నాయినకు షుగరు. తనకేమన్న అయితే అమ్మ బ్యాంకు చుట్టూ తిరగొద్దని హనుమకొండ బ్యాంకుల నా పేరు రాయించిండు. ఎకరం అమ్మిన పైసలు అండ్లనే ఫిక్సుడు వేసిండు. నేను ఒక్క రూపాయి ముట్టలే.

అయినా చెప్పాల్నట. బయటి దేశం ఖాతాలన్నీ కలిపి ఏడాదిల ఏ ఒక్కరోజన్న 10,000 డాలర్లు దాటితే, గడువు లోపల ట్రెజరీకి వేరే ఫారం చేరాలె. పైసలు మనవి కాకున్నా సంతకం చేసే అధికారం ఉంటే చాలు. ఈ చట్టం మూలం 1970 నాటిది. పన్నెండేండ్ల సంది ఇక్కడున్న, ఒక్కసారి వినలే. తెల్వక తప్పినా వేల డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. కావాల్నని దాచినవంటే లక్ష డాలర్లకు పైన లేదా ఖాతాల సగం, ఏది ఎక్కువైతే అది. పన్ను ఒక్క డాలరు బాకీ లేకున్నా సరే!

ఇది చాలదని 2010 చట్టంతోటి 8938 అని ఇంకో ఫారం వచ్చింది. దీని పరిమితులు వేరే, ఇక్కడుండే ఒంటరి మనిషికి 50,000 నుంచి మొదలు. అదే ఖాతాను రెండుచోట్ల రాయాలె. బయటి దేశాల బ్యాంకులు మన వివరాలు పంపకుంటే, వాటికి అమెరికా నుంచి పోయే చెల్లింపులల్ల 30 శాతం కోత పెడ్తరట.

దాచిపెట్టనోనికి భయమెందుకని కొందరంటరు. 2009ల యూబీఎస్ 780 మిలియన్ డాలర్లు కట్టింది. అసొంటి స్విస్ ఖాతాల దొరలను పట్టుకుంటే నేను చప్పట్లు కొడ్త. కని అదే వలల రిటైరయిన సారు పింఛను ఖాతా ఎందుకు పడాలె? 1969ల మిగులు నిధుల లెక్క అడిగితే మనకు లలిత్ కమిటీ దొరికింది. సర్కారును లెక్క అడుగుడెంత కష్టమో మనకు తెల్వదా? సర్కారు అడిగితే మాత్రం గడువు, జరిమానా రెండూ తయారుంటయి.

ఇగ పనికొచ్చే మాట. ఎన్నారీ ఖాతా వడ్డీకి అక్కడ పన్ను లేదు గని ఇక్కడున్నది, చాలామంది ఇక్కడనే తప్పుతున్నరు. ఆదాయమంతా చూపి, ఫారం ఒక్కటే మరిచినోళ్లు కారణం రాసి ఆలస్యంగ పంపితే జరిమానా వేయమని ఐఆర్‌ఎస్ అంటున్నది. వడ్డీ చూపనోళ్లు మాత్రం సొంతంగ ఏం చేయకున్రి, తెలిసినోళ్లను అడుగున్రి.

నాయినకు ఫోన్ల చెప్పిన. "నా పైసలతోటి వాళ్లకేం పని బిడ్డా? నీ పేరు తీపియ్యాల్నా?" అన్నడు. పాత ఏండ్లవి పేరు తీస్తె పోవు గదా. వద్దన్న. ఆరేండ్ల పాస్‌బుక్కులు జిరాక్సు తీపిచ్చి కొరియర్ల పంపిండు.