పలక మీద ఒక్క అక్షరం

పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, ముందు ఒక పలక సంగతి చెబుతాను.

నిన్న సాయంత్రం మార్కాపురం బజారులో ఒక ఎల్‌సీడీ పలక కొన్నాను. ప్లాస్టిక్‌ది. పుల్లతో రాస్తే అక్షరం పచ్చగా మెరుస్తుంది. లోపల ద్రవ స్ఫటికాల పొర ఉంటుంది, నొక్కిన చోట అది వెలుతురును వెనక్కి పంపుతుంది. రాయడానికి కరెంటు అక్కర్లేదు, చెరపడానికే చిన్న బ్యాటరీ కావాలి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన కెంట్ డిస్‌ప్లేస్ అనే సంస్థ ఇలాంటి పలకను 2010లో బూగీ బోర్డ్ పేరుతో బజారులోకి తెచ్చింది. దాని వెనక పేటెంట్లున్నాయి.

దాన్ని మా అన్నయ్య మనవరాలి చేతికిచ్చాను. 'అ' రాసింది, 'ఆ' రాసింది, 'ఇ' దగ్గర తప్పు చేసింది. వేలితో తుడిచింది. పోలేదు. మీట నొక్కితే మూడూ పోయాయి. పిల్ల ముఖం చిన్నబోయింది.

మన రాతి పలక మీదైతే ఆ ఒక్క అక్షరాన్నే చెరిపి దిద్దుకునేది. ఈ లోటు సరిచేసే పద్ధతుల మీద కూడా బయటి దేశాల్లో పేటెంట్లు తీసుకున్నారు. రాతి పలకలు చేసే ఊరు మనది, వేలితో చెరిపి దిద్దుకోవడంలో తరాల అనుభవముంది. ఆ లోటు అందరికంటే ముందు మన కంట పడాల్సింది. రాత్రంతా నాకు అదే బాధ.

మా నాన్న పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేవారు. మన రాయి సంగతి మీకు తెలుసు. కోట్ల ఏళ్ల కిందటి బంకమట్టి భూమి ఒత్తిడికి రాయిగా మారినప్పుడు అందులోని అభ్రకపు రేణువులన్నీ ఒకే వైపుకు సర్దుకున్నాయి. అందుకే ఉలి పెట్టి తట్టితే రేకులా ఊడివస్తుంది. ఆ రేకు పసిపిల్ల చేతిలో పగలకుండా, అంచు కోసుకోకుండా ఉండాలంటే చట్రం మూలలు ఎలా అతకాలో నాన్నకు తెలుసు. ఆ పద్ధతిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. 19వ శతాబ్దంలో అమెరికా బడుల్లో పలకలు బల్లలకు తగిలి చప్పుడవుతున్నాయని చట్రానికి గుడ్డ చుట్టి దారంతో కుట్టారు. అంత చిన్న మార్పుకూ పేటెంట్లు తీసుకున్నారు. నాన్న చేతిలో ఉన్న తెలివి దానికేం తీసిపోదు.

మీ అమ్మల పుస్తెలతాడుకో గాజుకో వేలాడే పిన్నీసు కూడా అలా పుట్టిందే. వాల్టర్ హంట్ 15 డాలర్ల అప్పు తీర్చడం కోసం తీగ వంచుతూ దాన్ని తయారుచేశాడని చెబుతారు. 1849లో పేటెంటు తీసుకుని 400 డాలర్లకు హక్కు అమ్మేసుకున్నాడు. మన దేశంలో ఈ హక్కు కోసం వచ్చిన తొలి దరఖాస్తూ రోజువారీ సౌకర్యం గురించే. 1856 మార్చి 3న కలకత్తాలో జార్జ్ ఆల్ఫ్రెడ్ డి పెన్నింగ్ అనే ఇంజనీరు పంకా లాగే యంత్రానికి ఆ హక్కు అడిగాడు.

అయితే రెండు వస్తువులు కలిపి అతికించినంత మాత్రాన హక్కు రాదు. పెన్సిలు చివర రబ్బరు పెట్టి 1858లో హైమన్ లిప్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. 1875లో అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లదంది. పెన్సిలు పెన్సిలు పనే చేస్తోంది, రబ్బరు రబ్బరు పనే చేస్తోంది, కలవడం వల్ల కొత్తగా జరిగిందేమీ లేదని కోర్టు చెప్పిన కారణం. మన 1970 పేటెంట్ల చట్టంలోని మూడో సెక్షన్ కూడా ఇదే మాట చెబుతుంది. మీ ప్రాజెక్టులు చాలావరకు ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. పైపైన కలిపి ఊరుకోకండి, వస్తువు ఎక్కడ ఇబ్బంది పెడుతోందో అక్కడిదాకా వెళ్ళండి.

ఎక్కడికని అడుగుతారేమో. రాయి కోసే చోటికి వెళ్ళండి. నాన్న పని నుంచి వచ్చేసరికి కనుబొమల మీద తెల్లటి దుమ్ము. ముక్కుకు తువ్వాలు కట్టుకునేవారు, అది ఆ సన్నటి దుమ్మును ఆపేది కాదు. రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి మచ్చ కడుతుంది. సిలికోసిస్‌కు మందు లేదు. బలపాలు తయారుచేసే మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో ఎంతోమంది పనివాళ్ళు నడివయసుకు రాకముందే దానితో పోయారు. పిల్లలు అక్షరాలు దిద్దుకునే వస్తువు కోసం జరిగిందిది. మాస్కులు లేవా అంటే ఉన్నాయి. కానీ మన ఎండలో, చెమటలో పెట్టుకుంటే గంటకే ఊపిరాడదు. పక్కవాడితో మాట్లాడాలంటే కిందికి లాగాలి. లాగింది మళ్ళీ పైకి పోదు. పనివాడికి జాగ్రత్త లేదనేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ మాస్కును ఈ ఎండనూ ఈ ముఖాన్నీ చూసి తయారుచేయలేదు. రోజంతా పెట్టుకోగలిగే మాస్కు తయారుచేయడం మీ చదువుకు తగిన పని.

నీళ్ళ సంగతీ అంతే. ఫ్లోరైడ్ వల్ల మన పల్లెల్లో బోరు నీళ్ళు తాగలేక 20 లీటర్ల క్యాన్లు మోస్తున్నారు. అంటే 20 కిలోల బరువు. దక్షిణాఫ్రికాలో 1991లో 90 లీటర్ల డ్రమ్మును నేల మీద దొర్లించుకుపోయే హిప్పో రోలర్ తయారుచేశారు. గిద్దలూరు పక్క గులకరాళ్ళ బాటల మీద అలాంటిది నడుస్తుందా? నడవకపోతే ఎందుకు నడవదో మీ అమ్మమ్మ ఒక్కసారి పట్టుకుని చెప్పేస్తుంది. అక్కడ మొదలుపెట్టండి.

ఇక కాగితాల పని. ఇది నేను చెన్నైలో పాతికేళ్లు చేసిన పని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. దరఖాస్తు చేయకముందు మీ ఆలోచనను యూట్యూబ్‌లో పెట్టకండి, కాలేజీ ఎక్స్‌పోలో విప్పి చూపించకండి. నలుగురికీ తెలిసిపోయినది కొత్తది కాదని చట్టం అంటుంది. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు అలా తన ఆలోచనను పోగొట్టుకున్నాడు, నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. పని పూర్తికాకపోయినా తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేయొచ్చు, పూర్తి వివరణకు 12 నెలల గడువుంటుంది. మన రాష్ట్రానికి చెన్నై పేటెంటు కార్యాలయమే. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పరీక్షకూ మిగతావాటికీ వేరే కట్టాలి. హక్కు వస్తే దరఖాస్తు వేసిన రోజు నుంచి 20 ఏళ్లు ఉంటుంది.

రేపటి నుంచి కొందరు హైదరాబాదు, బెంగళూరు వెళతారు. వెళ్ళేముందు ఇంట్లో ఒక రోజు కూర్చుని, అమ్మ చేతిలో, నాన్న చేతిలో ఏ వస్తువు ఎక్కడ ఇబ్బంది పెడుతోందో చూసి ఒక పేజీ రాయండి. ఆ పేజీ నాకు ఇప్పుడే చూపించొద్దు. దరఖాస్తు వేసిన మర్నాడు చూపించండి. చూడాలని ఉంది.